ఊచల చక్రాలు

సత్తెనపల్లిలో టాక్సీ తోలే శౌరికి, క్రోసూరులో ఖాతూన్ బీ వసారాలో ఉన్న నాలుగు కారు చక్రాల మీద ఎప్పటినుంచో కన్నుంది. మద్రాసు నుంచి తెప్పించిన ఊచల చక్రాలవి, వెండిలా మెరుస్తాయి. అవి వేస్తే పెళ్లివాళ్లంతా తన కారే అడుగుతారని అతని ఆశ. ఇల్లు కప్పించడానికి దాచిన డబ్బు తీసుకుని, వద్దంటున్న భార్య నిర్మలను కూడా ఎక్కించుకుని క్రోసూరు వెళ్లాడు.

"మా కారు కాలవలో పడి నుజ్జయింది, తమ్ముడూ. ఈటికి మాత్రం గీతన్నా పడలా," అంది ఖాతూన్ బీ. "మా ఆయన చానా నిదానస్తుడు. ఇయ్యి ఏసినాక ఆ నిదానమే మర్చిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు."

నిర్మల మొగుడి చెయ్యి పట్టుకుంది. "వద్దయ్యా. పోదాం పద."

శౌరి చక్రాన్ని అరచేత్తో నిమిరాడు. నీడలో ఉన్నా అది వెచ్చగా తగిలింది. డబ్బు ఆమె చేతిలో పెట్టి, అక్కడే చక్రాలు మార్చి, పాతవి వెనక సీట్లో వేసుకున్నాడు.

తిరుగుదారిలో గతుకుల మీద కూడా కుదుపు తెలియలేదు.

"మెల్లగా పోనీయ్," అంది నిర్మల.

"మెల్లగానే పోతన్నాగా!"

మలుపులో గొర్రెల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కితే కారు పక్కకు జారి, కాలవ గట్టు అంచున ఆగింది. నిర్మల దిగి నడవసాగింది.

"ఏమే, ఎక్కు!"

"పాత చక్రాలెయ్యి. అప్పుడెక్కుతా."

శౌరి వెనక సీటు వంక ఒకసారి చూశాడు. తర్వాత ఇంజను స్టార్టు చేసి, భార్యను దాటుకుని వెళ్లిపోయాడు. దుమ్ములో నిలబడి ఆమె పెట్టిన కేక అతనికి వినపడలేదు.