ఎర్ర రంగు డబ్బా

నీటి కాలుష్యంపై అధికారాలన్నీ పురపాలక కార్యాలయం నుంచి ప్రాంతీయ మండలికి బదిలీ అయిన రోజున, ఊరి నీటిని పరీక్షించే నీళ్ల మాస్టారు నమూనా సీసాలతోపాటు ఎర్ర రంగు డబ్బాను కూడా జాబితాలో రాసి మరీ అప్పగించారు. నీరు పనికిరాదని తేలితే చేతిపంపు పిడికి ఆ రంగు పూసేవారు. చదువురానివారికి అదే నోటీసు.

"రంగు కూడానా? మీసానికైనా కాస్త ఉంచుకోవాల్సింది, మాస్టారూ," అన్నాడు పంపు మెకానిక్. ఇరవై ఏళ్లుగా ఆయన పరీక్షించిన పంపులన్నీ ఇతను బిగించినవే.

నాలుగో రోజున, బదిలీకి ముందు పంపిన ఆఖరి నమూనా ఫలితం వచ్చింది. మెకానిక్ ఉండే వీధి పంపులో నైట్రేటు హద్దుకు ఆరింతలు. పెద్దలకు అంత ప్రమాదం లేదు, చంటిబిడ్డలకు విషం. ఆ వీధిలో చంటిబిడ్డలు లేరని పోయినేటి జనాభా పట్టిక చెప్పింది. రెండో పరీక్షలో రుజువు కానిదే మాట బయటపెట్టకూడదన్నది మాస్టారు తానే పెట్టుకున్న నియమం. ఆ పరీక్ష చేసే అధికారం ఇప్పుడు మండలిది. ఉత్తరం రాశారు. దస్త్రానికి ఇంకా సంఖ్య కేటాయించలేదని పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. ఈలోగా మెకానిక్ ఎదురుపడినప్పుడల్లా మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

మెకానిక్ కూతురు రెండు నెలల పాపతో పుట్టింటికి వచ్చిన సంగతి ఆయనకు ఆసుపత్రి వరండాలోనే తెలిసింది. పాప పెదవులు నీలంగా మారాయి. ఏదో గాలి సోకిందన్నారు చుట్టాలు.

"పాలపొడి ఏ నీళ్లతో కలిపారమ్మా?"

"పంపు నీళ్లే బాబాయ్. మీరు ఎప్పుడూ చెప్పినట్టే పావుగంట మరిగించాను."

మరిగిస్తే క్రిములు చస్తాయి. నైట్రేటు పోదు, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఆ మాట చెప్పడానికి మాస్టారు డాక్టరు గదిలోకి పరుగెత్తారు. డాక్టరు మందు ఎక్కించారు గానీ, సాయంత్రానికి పాప దక్కలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కొత్త డబ్బా కొని, పిడికి తానే రంగు పూయసాగారు. మెకానిక్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీకు అధికారం లేదుగా, మాస్టారూ."

"లేదు."

"ఫలితం ఎప్పుడొచ్చింది?"

కుంచె ఆగింది. "ఇరవై రోజులైంది."

"నోటితో చెప్పడానికి కూడా అధికారం కావాలా?"

మెకానిక్ సంచిలోంచి పానా తీసి, పిడి విప్పి, తడి రంగు అరచేతులకు అంటుకుంటుండగా దాన్ని పట్టుకుని వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాడు.