అద్దంలో పుదీనా

రేపు మనీషా మళ్లీ తప్పు చెబితే కాలేజీ సైన్సు ప్రదర్శనలో ఆమె చోటు ప్రథమేశ్‌కు పోతుంది. కెమిస్ట్రీ చెప్పే మయూరి మేడం ఆ మాట క్లాసులో అందరి ముందే అనేసింది. ప్రథమేశ్ సందు దొరికినట్టు ఇంటిదారిలో జోడ్‌భావి పేట్ దాకా వెంటబడి ఏడిపించాడు.

"పుదీనా అడిగితే షాజీరా ఇస్తవేందే? కిరాణా దుకాణం మాత్రం పెట్టకు, మునుగుతవ్!"

గొడవంతా కార్వోన్ గురించి. దానికి రెండు రూపాలు. ఒకటి పుదీనా వాసన, ఇంకోటి షాజీరా వాసన. పరమాణువులు అవే, బంధాలు అవే. కుడిచేతికీ ఎడమచేతికీ ఉన్నంతే తేడా. ఏది ఏదో తేల్చడానికి పుస్తకాలు పేజీలకు పేజీలు సాగదీస్తాయి, విషయం మాత్రం ఇంతే. ఒక కార్బన్‌కు నాలుగు వేర్వేరు గుంపులు అంటుకుని ఉంటాయి. వాటికి పెద్దాచిన్నా వరుస పెట్టాలి. అన్నిటికన్నా చిన్నదాన్ని అవతలికి ఉంచి, మిగతా మూడింటినీ పెద్దదాని నుంచి వరుసగా చూడాలి. గడియారం ముల్లులా తిరిగితే ఆర్, ఎదురు తిరిగితే ఎస్. ఆర్ పుదీనా, ఎస్ షాజీరా.

వరుస పెట్టడంలో మనీషా ఏనాడూ తప్పలేదు. అయినా సగం జవాబులు తలకిందులే.

కుంఠా నాకాలో మనీషా వాళ్ల ఇంటి ముందు గది నిండా మగ్గమే. తండ్రి నర్సయ్య గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డ నేస్తాడు. బొమ్మ ముఖం కిందికి వస్తుంది గనుక, మగ్గం కింద అద్దం పెట్టి చూసుకుంటాడు. మనీషా ఆ అద్దం పక్కనే పెరిగింది.

ఆ సాయంత్రం ఆమె బటాటాకు, అంటే ఆలుగడ్డకు, నాలుగు చీపురుపుల్లలు గుచ్చి, కొసలకు రంగు దారపు ఉండలు కట్టింది. అన్నిటికన్నా చిన్నది నల్ల ఉండ. అది తన వైపే ఉంటే బటాటాను తిప్పదు. కింద అద్దం పెట్టి అవతలి వైపు చూస్తుంది, అచ్చం నర్సయ్యలాగే.

"భాజీకి తెచ్చిన బటాటానే అది!" బీడీల ఆకు కత్తిరిస్తున్న తల్లి సావిత్రి అరిచింది. "రాత్రికి కెమిస్ట్రీ తింటరా?"

"ఆగవే అమ్మా, ఒక్కటి తేలనియ్."

"అద్దం ఇయ్యి బిడ్డా, కింద దారం ఏలాడ్తున్నట్టుంది," అన్నాడు నర్సయ్య.

మనీషా విసుగ్గా అద్దం ఎత్తింది. అందులో సావిత్రి కనిపించింది. కత్తెర ఎడమచేతిలో ఉంది. వెనక్కి తిరిగి చూసింది. కుడిచేతిలో ఉంది.

"అమ్మా! అద్దంల నువ్వు ఎడమచేతి దానివే!"

"పిల్లకు దిమాక్ ఖరాబైంది. ఏమయ్యా, ఇంటున్నవా?"

"నాకు ముందు అద్దం ఇప్పియ్యే."

అద్దం అవతలి వైపు చూపించింది, నిజమే. కానీ చేయి మార్చి చూపించింది. దారం తప్పిందా అని చూసుకునే నర్సయ్యకు దాంతో నష్టం లేదు. అణువుకు మాత్రం కొంప మునిగినట్టే. నల్ల ఉండ మొదటే అవతల ఉన్నప్పుడు ఆమె అద్దం జోలికి పోలేదు, ఆ జవాబులే సరిగ్గా వచ్చాయి. మనీషా అద్దం తండ్రికిచ్చి, బటాటానే చేత్తో తిప్పి చూసింది. ఎస్ కాస్తా ఆర్ అయింది. ఆమె వేసిన కేకకు పక్కింటి వాళ్లు తొంగి చూశారు.

మర్నాడు మయూరి మేడం కావాలనే చిన్న గుంపును ముందుకు పెట్టి అణువు నమూనా ఇచ్చింది. ప్రథమేశ్ అప్పుడే నవ్వు మొదలుపెట్టాడు. మనీషా దాన్ని తీసుకుని, తిప్పి, వేలితో వరుస చూపించింది.

"ఆర్. పుదీనా."

మేడం చిన్న సీసా మూత తీసింది. ముందు బెంచీ దాకా పుదీనా వాసన.

"చోటు నాదే గదా మేడం?" అంది మనీషా. మేడం తలూపింది. మనీషా ప్రథమేశ్ వైపు తిరిగింది. "నువ్వు గూడ రారా, సామాన్లు మోద్దువు."

సాయంత్రం ఇంట్లో ప్రదర్శనకు అద్దం కావాలని అడిగింది.

"అద్దం ఇస్తే నేను నేసుడెట్ల? బటాటాలు తీస్కపో," అన్నాడు నర్సయ్య.

సావిత్రి కత్తెర ఎత్తింది. "బటాటాలు ముట్టు, చెయ్యి ఇర్గగొడ్త! అద్దంల చెయ్యి గాదు, అసలు చెయ్యే!"