హట్‌బే వీధి

రొట్టెల పీట మీద లాప్‌టాప్ పెట్టొద్దని వాసవి చెప్పడం ఆ వారంలో మూడోసారి.

"ఇది ఆన్ అయ్యేలోపు నువ్వు పిండి కలుపుకో. జల్దీ ఏటి?" అన్నాడు గోపీచంద్.

"పిండి కలిపి, రొట్టెలు చేసి, తిని, గిన్నెలు కూడా తోముకోవచ్చు. పీట ఇవ్వండి."

"పొద్దున్నే పీట కాడ కొట్టుకుంటారేట్రా," అంది గుమ్మంలో చేపలు శుభ్రం చేస్తున్న అత్త కాశమ్మ.

గోపీచంద్ విసురుగా లాప్‌టాప్ చంకన పెట్టుకుని షాదీపూర్ ఇంటి నుంచి జంగ్లీఘాట్‌లోని కంప్యూటర్ రిపేరు దుకాణానికి పోయాడు. సాయంత్రం వెలిగిపోయే ముఖంతో వచ్చాడు. బటన్ నొక్కి అంకెలు లెక్కపెట్టాడు. పన్నెండు అనేసరికి తెర తయారుగా ఉంది.

"పాత హార్డ్ డిస్క్ తీయించీసి ఎస్ఎస్‌డీ వేయించేను. లోపల తిరిగేదేమీ ఉండదట. ఇప్పుడను."

వాసవి చేతులు తుడుచుకుని వచ్చి వెతికింది. గోపీచంద్ కాంట్రాక్టు టెండర్ల ఫోల్డరు ఉంది. బిల్లులున్నాయి. పెళ్లి ఫోటోలున్నాయి.

"మావయ్య చెప్పినవి ఏవీ? తెలుగులో పేరు పెట్టాను. హట్‌బే వీధి అని."

గోపీచంద్ తెర మీదకి వంగాడు. "తెలుగు అక్షరాలున్నదా? అమ్మ భజన పాటలనుకున్నాను. కొత్తదాంట్లోకి ఏమేం ఎక్కించాలని దుకాణంలో మణికుమార్ అడిగితే, అది ఛోడ్‌దో, వదిలీ అన్నాను."

గోపీచంద్ అండమాన్‌లో పుట్టినవాడు, హిందీ, ఇంగ్లీషు చదువుకున్నవాడు. తెలుగులో బేరమాడతాడు, తిడతాడు, నవ్విస్తాడు. అక్షరం మాత్రం రాదు. విజయనగరంలో బీఏ చదివి వచ్చిన వాసవికి పెళ్లయిన కొత్తలో అది ముచ్చటగానే ఉండేది.

సునామీకి ముందు వాళ్లది హట్‌బే. అల వెనక్కిపోయాక వాళ్ల వీధిలో మిగిలినవి పునాదులే. మామ ఎర్రయ్య ఆ వీధిని జెట్టీ వైపు నుంచి ఇంటింటికీ చెప్పేవాడు. ఎవరి గుమ్మంలో వల ఆరేది, గవరమ్మ ఎండుచేపలు ఏ చెక్క మీద పరిచేది, సూరయ్య కూతురు ఏ కాలు కుంటేది. "నాను పోతే ఈళ్ల పేర్లు పిలిసీవోడు ఉండడమ్మా. నువ్వు రాసీ," అనేవాడు. మూడేళ్లు మధ్యాహ్నాలు ఆయన చెప్పాడు, ఆమె లాప్‌టాప్‌లోనే రాసింది. ఆయన గొంతు కూడా రికార్డు చేసింది. కిందటి వానల్లో ఆయన పోయాక, భోజనాలైన తర్వాత అత్త పక్కన కూర్చుని కాస్త కాస్త వినిపిస్తోంది.

నెట్‌లో దాచుదామంటే పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఫోటో ఎక్కేసరికి అన్నం ఉడుకుతుంది. పెన్‌డ్రైవ్ తెమ్మని రెండుసార్లు అడిగింది. తెచ్చాడు. ఓడలో వచ్చిన సినిమాలతో తనే నింపుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. మణికుమార్ స్టూలు జరిపాడు.

"పాతది భయ్యా నాకే వదిలీసేరు దీదీ. నిన్ననే ఫార్మాట్ కొట్టి ఒక లాడ్జి కెమెరాల పెట్టెలో బిగించీసేను. రాత్రంతా రికార్డింగ్ అయిపోనాది. దాని మీంచి ఇంకేటీ రాదు." ఆమె ముఖం చూసి ఓదార్పుగా అన్నాడు, "భజనలే కదా దీదీ. నా దగ్గర మస్తుగా ఉన్నాయి. ఫ్రీగా ఎక్కించేస్తాను."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గోపీచంద్ అన్నాడు, "నీకు గుర్తున్నంత మళ్లీ రాసీ. నీ బుర్ర మంచిదే కదా."

వాసవి సముద్రం వైపు కూడా చూడలేదు. డ్రైవరు వీపు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కాశమ్మ చేప ముల్లు తీస్తూ, "తిన్నాక ఇయేల మీ మావ మాట పెడతావా?" అంది.

గోపీచంద్ అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిసిన అన్నాన్నే మళ్లీ కలిపాడు.

"లేదత్తా. ఇంక లేదు. మీ అబ్బాయి దాన్ని అక్కరలేదని వదిలేసి వచ్చారు," అంది వాసవి.

కాశమ్మ తీసిన ముల్లు కంచం అంచున పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"తెలిసి చేసేనా? తెలుగు చదవడం రాకపోతే నానేటి చేసేది?" అని తల్లికి చెప్పి, గోపీచంద్ పెళ్లాం వైపు తిరిగాడు. "సరే, అయిందేదో అయింది. శుక్రవారం టెండరు వెయ్యాలి. ఇప్పుడు స్పీడుగా ఉంది, గంటలో టైపు చేసేస్తావు."

వాసవి అత్త కంచంలో ఇంకాస్త పులుసు వేసి గరిటె గిన్నెలో పెట్టింది.

"మీరు దాచుకున్న టెండర్ల ఫోల్డర్లో ప్రతి ఇంగ్లీషు కాగితం పదకొండేళ్లుగా నేను టైపు చేసిందే. ఇకమీదట చెయ్యను. ఈ శుక్రవారానిది కూడా."

"మరెవరు చేస్తారు?"

"మీరే. అవి మీకొచ్చిన అక్షరాలే."