ఛాట్ తీయని సీసా

మా అవ్వ, అంటే మా అమ్మ, ఈరవ్వ దగ్గుకు తొంభై ఏడు నాటికి పదకొండేళ్ళు. నేను పదో తరగతి పరీక్ష రాసిన ఏడు చిన్నగా మొదలైంది. నేను ట్రైనింగు పూర్తి చేసి, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా కుదిరేనాటికి అదీ పెరిగి పెద్దదైంది. బోధన్‌లో మా గల్లీ మలుపు దగ్గర నిలబడితే చాలు, అవ్వ ఇంట్లో ఉందో లేదో చెప్పేయొచ్చు. జిల్లాలో సగం మంది రక్తం, మూత్రం పరీక్ష చేసిన నాకు సొంత తల్లిని ఒక్కసారి డాక్టరు గడప ఎక్కించడం చేతకాలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"నాకేమైందే గోదావరీ? తంబాకు ఘాటుకు దగ్గు రాకుంటె పాటొస్తదా?"

నాకు ఒళ్ళు మండిపోయేది. ముప్పై ఏళ్ళుగా ఆకులో పొగాకు పెట్టి బీడీలు చుడుతోంది గానీ ఒక్క బీడీ తాగిన పాపాన పోలేదు. తాగని బీడీకి ఆ దగ్గేమిటి?

బీడీ పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కట్టకు ఇరవై అయిదు బీడీలు. సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోతే, అక్కడ చెకింగాయన ఒక్కో కట్టనూ వెలుగుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఆకు పగిలిందనో, సన్నగా ఉందనో కొన్ని తీసి పక్కన పడేస్తాడు. దాన్నే ఛాట్ అంటారు. ఛాట్ పోయినవాటికి బదులు మంచివి పెట్టాల్సిందే. మరీ ఎక్కువ పోతే కట్టకు కట్టే వాపస్. అందుకే మా గల్లీలో ఏ ఆడదీ ఒంటరిగా కార్ఖానాకు పోదు. ఒకరికి తక్కువ పడితే పక్కామె తన మంచివి అందిస్తుంది. దాన్ని వాళ్ళు సాయం అని కూడా అనుకోరు, అది పనిలో భాగమే.

సరే, తొంభై ఏడు డిసెంబరులో ఆత్మారాం సార్ మా ల్యాబుకు వచ్చాడు. ఆయనది మద్నూరు వైపు, మహారాష్ట్ర సరిహద్దు. హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. బీడీ తాగకుండా ఉత్తగా చుట్టే ఆడవాళ్ళ ఒంట్లోకి తంబాకు విషం ఎంత ఎక్కుతుందో మూత్రంలో కొలుస్తాడట. ఇరవై అయిదు మంది కావాలి. మామూలు పరీక్షలు మా ల్యాబులో చేసి, మిగతాది ఐసు పెట్టెలో హైదరాబాదుకు పంపాలి.

"మా గల్లీలో ఉన్నరు సార్," అన్నాను ఆయన మాట పూర్తి కాకముందే. "మా అవ్వతోటి కలిపి సరిగ్గా ఇరవై అయిదు."

నా స్వార్థం నాది. మా అవ్వ దేవుడికి భయపడదు, నాకు అసలే భయపడదు. కాగితానికి మాత్రం భయపడుతుంది. "నీ ఒంట్లో ఇంత విషం ఉంది" అని ముద్ర కొట్టిన కాగితం వస్తే నోరు మూసుకుని డాక్టరు దగ్గరికి నడుస్తుందని నా లెక్క.

ఆదివారం నాడు అందరూ మా అరుగు ముందు కూర్చున్నారు. గల్లీ తరఫున మాట్లాడేది ఎప్పుడూ నర్సవ్వే. పక్కింటి చంద్రవ్వ కూడా వచ్చింది గానీ ఆమెది చూడ్డానికి వచ్చిన బాపతు. ఆమె బీడీ ముట్టదు. నాలుగు బర్రెలున్నాయి, పాలమ్ముతుంది. యాభై దాటినా చంకలో గడ్డి మోపు, నెత్తిన బిందెతో గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి మాట్లాడుకుంటూ నడిచే మనిషి. ఆమె ఆయాసపడగా చూసినవాళ్ళు లేరు.

ఆత్మారాం సార్ సంచిలోంచి చిన్న చిన్న సీసాలు తీశాడు. ఒక్కో సీసానూ వెలుగుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. పగుళ్ళున్న రెండింటిని తీసి పక్కన పడేశాడు. ఆడవాళ్ళంతా ఆ చేతినే చూస్తున్నారు.

"సార్, మా బీడీ కార్డుతోటి ఏమన్న పనున్నదా?" నర్సవ్వ అడిగింది. కార్ఖానాలో వాళ్ళ పని లెక్కంతా ఆ కార్డు మీదే.

"ఉన్నదమ్మా. సీసా మీద పేరు, కార్డు నంబరు రెండూ రాయాలె," అన్నాడాయన ఉత్సాహంగా.

నర్సవ్వ అవ్వ వైపు చూసింది. అవ్వ దగ్గింది. నాకు అప్పుడే తట్టాల్సింది. నేనేమో చీటీలు అతికించే పనిలో ఉన్నాను.

మర్నాడు పొద్దున మొదటి బస్సు అందుకుందామని లేచి బయటికొస్తే, ఇరవై అయిదు సీసాలూ మా అరుగు మీద వరసగా ఉన్నాయి. అయిదేసి చొప్పున పేర్చి, మూతలు తుడిచి పెట్టారు. అన్నీ మెడ దాకా నిండి ఉన్నాయి. పరిశోధన మీద మా గల్లీకి ఇంత భక్తి ఉందా అని పొంగిపోయాను.

ల్యాబులో మొదట షుగరు పరీక్ష. గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాలుగు చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. షుగరు ఎక్కువగా ఉంటే ఇటుక రంగు తిరుగుతుంది. మొదటిది నర్సవ్వది. ఇటుక రంగు. అయ్యో పాపం అనుకున్నాను. రెండోది ఇటుక. మూడోది ఇటుక. ఏడోది అవ్వది. అదీ కాచాను. ఇటుకంటే ఇటుక, కొత్తిల్లు కట్టుకోవచ్చు.

స్టూలు మీద కూలబడిపోయాను. దగ్గుకే డాక్టరు దగ్గరికి రాని మనిషికి షుగరు కూడానా? ఏడుస్తూనే మిగతావి కాచాను. ఇరవై అయిదుకు ఇరవై అయిదూ ఎరుపే.

మందు పాడైందేమోనని నాది పరీక్ష చేసుకున్నాను. నీలం. ఆత్మారాం సార్‌ని అడిగితే మొహమాటపడుతూనే లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చిచ్చాడు. అదీ నీలమే.

"అరె బాప్ రే!" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. "తంబాకు కోసమొస్తె గిదేంది గోదావరమ్మా! గల్లీ గల్లీకే షుగరు! తంబాకు దుమ్ము ఒకదిక్కు, చెరుకు సీజన్ల సక్కెర ఫ్యాక్టరీ గాలి ఇంకోదిక్కు. రెండూ కలిసి గిట్ల చేస్తున్నయేమో! లోకంల ఎవ్వరూ రాయలే గిది!"

ఆగమన్నా ఆగలేదు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు పరుగెత్తి హైదరాబాదులో వాళ్ళ ప్రొఫెసరుకు ఫోను చేశాడు. ఆయన అరుపులకు బయట వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. తిరిగొచ్చి, "ఇరవై అయిదుకు ఇరవై అయిదా అని రెండుసార్లు అడిగిండు. ఆ తర్వాత మాట రాలే. ఖుషీతోటి నోరు పడిపోయింది," అన్నాడు. సాయంత్రానికి నన్ను ఎక్కించుకున్న ఆటో అతను, "బోధన్ గాలి పీలిస్తె షుగరొస్తదంట గద అక్కా?" అని అడిగాడు.

తెల్లారి ఇద్దరం బోధన్ పోయాం. అందర్నీ మళ్ళీ అరుగు ముందు కూర్చోబెట్టాం. ఆత్మారాం సార్ గొంతు సవరించుకున్నాడు. చావు కబురు చెప్పేవాడిలా మొహం పెట్టాలని చూశాడు గానీ సంతోషం ఆగడం లేదు.

"భయపడకురి అమ్మలార. మందులున్నయి. మీ ఇరవై అయిదు మందికీ షుగరున్నది."

ఏడుపులు వినిపిస్తాయనుకున్నాను. ఒక్కరూ ఏడవలేదు. ఒక్కరూ గుండె మీద చెయ్యి పెట్టుకోలేదు. ఇరవై అయిదు తలలూ ఒక్కసారిగా పక్కింటి బర్రెల కొట్టం వైపు తిరిగాయి.

"ఓ చంద్రవ్వా!" నర్సవ్వ అరిచింది. "నీకు షుగరంటనే!"

బర్రెల మధ్య నుంచి చంద్రవ్వ లేచి నిలబడింది. "నాకా?"

"నీకే! ఇరవై అయిదు సార్లు సూసిండ్రంట!"

నాకు విషయం బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఆత్మారాం సార్‌కు ఇంకా ఎక్కువ పట్టింది. నర్సవ్వ మాత్రం ఏ తప్పూ చేయని మనిషిలా విడమరిచి చెప్పింది.

"మాయి ఏం మంచిగుంటయి సార్? లేస్తె తంబాకు, పండుకుంటె తంబాకు. మీరేమో కార్డు నంబరు రాస్తిరి, ఎలుగుకు వట్టి తిప్పి తిప్పి సూస్తిరి. మాయి ఛాట్ పోతె మా గోదావరి ఇజ్జత్ ఏంగావాలె? గల్లీల అందరికన్న గట్టి మనిషి చంద్రవ్వ. గందుకే ఆమె నడిగి అందరం తలా ఇంత దెచ్చుకున్నం."

"బిందెడు నీళ్ళు తాగిన సార్ ఈళ్ళ కోసం," అంది చంద్రవ్వ. చేతిలోని పాల చెంబు కింద పెట్టి, ఉన్నట్టుండి గట్టు మీద కూర్చుంది. "నిజంగనే నాకు షుగరా?"

ఆత్మారాం సార్ బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. "ప్రొఫెసర్‌కు ఫోన్ చేసిన," అన్నాడు ఎవరితోనో. "రెండుసార్లు అడిగిండు. రెండుసార్లూ అవునన్న."

"చాయ్ తాగు సార్," అంది అవ్వ జాలిగా. "సక్కెరెయ్యాల్నా, వద్దా?"

మంచివాడు ఆయన. కాసేపు తల పట్టుకుని, తర్వాత పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక చంద్రవ్వను దగ్గరికి పిలిచి, దాహం ఎక్కువవుతోందా అని అడిగాడు.

"మూడు నెల్ల సంది దూప ఆగుతలేదు సార్," అంది. వెంటనే గల్లీ వైపు తిరిగి గొంతు పెంచింది. "పాలల్ల నీళ్ళు కలుపుతున్నవని నన్ను అంటిరి గద! నీళ్ళన్నీ నేనే తాగుతుంటె పాలల్ల కలుపనీకి ఏడికెళ్ళి తెస్త?"

ఆ గొడవ అలా నడుస్తుండగా నేను అవ్వను ఇంట్లోకి లాక్కుపోయాను. అప్పటిదాకా ఆపుకున్నదంతా కక్కేశాను.

"నీ కోసమే గద ఈ తిప్పలన్నీ వడ్డది! నీ దగ్గు సంగతి తెలుస్తదని! చంద్రవ్వ ఒంటేలు నా చేతికిచ్చి నీదని జెప్తవా? నిన్న నీకు షుగరనుకొని నేనెంత ఏడ్సిన్నో ఎరుకేనా?"

అవ్వ తంబాకు పొడి అంటిన వేళ్ళను చీర కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. నల్లబడిన ఆ వేళ్ళు ఎన్నిసార్లు తుడిచినా తెల్లబడవు.

"ముప్పై ఏండ్ల సంది కార్ఖానకు పోతున్న," అంది. "గిది మంచిగున్నదని ఒక్కనాడన్న చెకింగాయన నోట విన్ననా? ఖరాబున్నదే చూపెట్టిండు. నాకెరుక లేదా నా లోపల ఖరాబున్నదని? ఎరుకుండే నీకియ్యలే. నన్ను గూడ ఎలుగుకు వట్టి ఛాట్ తీస్తె? పోయిన బీడీకి బదులు ఇంకో బీడీ వెడ్తరు బిడ్డా. నాకు బదులు ఎవలను దెచ్చుకుంటవు నువ్వు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను ఒంటరిదాన్నైపోతానేమోనని భయపడి దాచింది, పిచ్చి తల్లి. పదకొండేళ్ళు నేను అరిచానే గానీ ఎందుకు రావని ఒక్కసారీ మెల్లగా అడగలేదు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

"అవ్వా, గిది కార్ఖాన గాదే," అన్నాను. "గాళ్ళకు ఖరాబున్నదే కావాలె. మంచిది దెస్తే గాళ్ళేం జేసుకుంటరు?"

అవ్వ నమ్మలేదు. బయటికి వెళ్ళి ఆత్మారాం సార్‌ను అడిగి వచ్చింది. ఆయన అవునన్నాక కూడా నర్సవ్వతో ఒకసారి అడిగించింది.

మళ్ళీ ఇచ్చిన సీసాలు మర్నాడు పొద్దున వరసలో లేవు. ఒకటి సగం, ఒకటి పావు, ఒక్కోటి ఒక్కో రంగు. మూత సరిగా పెట్టనివి రెండు. అవ్వ అందరికంటే ఆఖరున వచ్చింది. సీసాను కొంగు చాటున తెచ్చి నా చేతిలో పెట్టింది గానీ వెంటనే వదల్లేదు.

మూడు వారాలకు హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. తాగని తంబాకు అందరి ఒంట్లోనూ ఉంది. అందరికంటే ఎక్కువ అవ్వదే. దాచకుండా చదివి వినిపించాను.

"ఛాట్ తీసిండ్రా?"

"లేదవ్వా. నీదే మొదటి వరసల రాసిండ్రు."

అవ్వ ఆ కాగితాన్ని తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. మర్నాడు నేను పిలవకుండానే కంఠేశ్వర్ బస్సు ఎక్కింది. తోడుగా చంద్రవ్వ కూడా వచ్చింది, తన షుగరు మాత్రల కోసం. దారి పొడవునా ఇరవై అయిదు మందికి పంచినా తనకింకా మిగిలే ఉందని కండక్టరుతో చెప్పుకుంది.

ఛాతీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అవ్వ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"ఊపిరితిత్తుల్లో కొంత పాడయిందమ్మా," అన్నాడాయన. "పాడైంది తిరిగి రాదు. మిగతాది బాగుంది. తంబాకు మానేసి మందులు వాడితే దాన్ని కాపాడుకోవచ్చు."

"కట్టకు ఎన్ని పోయినయి సార్?" అడిగింది అవ్వ.

డాక్టరు నా వైపు చూశాడు. "కట్టకు ఇరవై అయిదు సార్," అన్నాను.

ఆయన మళ్ళీ ఫిల్మును చూసి కాస్త ఆలోచించాడు. "అయిదారు పోయాయనుకో."

అవ్వ నా చెయ్యి వదిలేసింది. లేచి కొంగు సర్దుకుంది.

"గంతేనా!" అంది. "గీ మాత్రానికి కట్ట వాపస్ చెయ్యరు."