తూర్పు గోడకు పెట్టిన తోటా

నడుములోతు నీట నిలుచు నారసింహ!
కంబమును పగిల్చి వెడలి ఖలుని జంపి
శిశువునకు నభయమొసగు శ్రీవిభుండ!
తలపు నెఱిగి తీర్పు సలుపు దారి జూపు.

బీదరు గుహాలయంలో ఝరణి నడుమ కొలువైన ఆ స్వామి గర్జన ఒక్కటే. అది తండ్రికి మృత్యువైంది, కొడుకుకు అభయమైంది. ఆయనకు మొక్కి మొదలుపెట్టవలసిన కథ ఇది.

చింతకి ఊరి గాలయ్యది బావులు తవ్వే ఇల్లు. తాత గడ్డపారతో తవ్వాడు, తండ్రి సుత్తెతో రాయి పగలగొట్టాడు, గాలయ్య నాటికి రాయిని పేల్చే జిలెటిన్ తోటాలు వచ్చాయి. డెబ్బై దాటాక ఆ పనిని కొడుకు సంగమేశ్ చేతికి అప్పగించి, గట్టున నిలబడి డప్పు కొట్టి జనాన్ని దూరం తోలే వంతు మాత్రం తాను ఉంచుకున్నాడు.

ఆ సంగమేశ్ పందొమ్మిది నెలలుగా జైలులో ఉన్నాడు. అతని మీద మోపింది దొంగతనమో కొట్లాటో కాదు, ఉగ్రవాదం.

ఎండకాలంలో తండ్రీకొడుకులు ఊళ్లోని రైతు ఖండప్ప పాత బావిని లోతు చేయబూనారు. తోటా పేలి, తూర్పు గోడ చీలి, దాని వెనుక భూమిలో పోతున్న మంచినీటి పైపు పగిలింది. నాలుగు ఊళ్లకు ఐదు రోజులు నీళ్లు లేవు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ జనం చెదిరి పరుగెత్తగా ఒక ముసలమ్మ పడి చెయ్యి విరిగింది. ఆ పైపుకు నీరు తోడే బోర్ల వల్ల ఊరి బావులు ఎండుతున్నాయని అంతకు మూడు వారాల ముందు ఔరాదు పట్టణంలో చేసిన ధర్నాలో సంగమేశ్ "మా బాయిలు ఎండబెట్టిన ఈ పైపు ఎన్ని దినాలు పారుతదో చూస్త" అని అరిచిన మాట ఎవరి ఫోనులోనో పదిలంగా ఉంది.

పేలుడు పదార్థం ఉంది, బతకడానికి కావలసిన సరఫరా ఆగింది, జనానికి భయం పుట్టింది, ముందే బెదిరింపు ఉంది. నిర్వచనానికి ఇంకేమి తక్కువైందని సర్కారు వకీలు వాదించాడు. జమానతు మీద బయటికి వదలలేదు. అన్నిటికన్నా బరువైన సాక్ష్యం గనుల నిపుణుడిది. పడమటి గోడ మెత్తని మొరం, తూర్పు గోడ గట్టి నల్లరాయి. బావి లోతు చేయదలచినవాడెవడూ మెత్తనిది విడిచి గట్టిదాన్ని తొలవడు, పైపు తూర్పున ఉంది గనుకనే వీడు తూర్పు ఎంచుకున్నాడని ఆయన చెప్పి వెళ్లాడు.

ఆ చిక్కు విప్పే మాట గాలయ్య గుండెలో ఉంది. కానీ జైలులో కలవనిచ్చే ములాఖత్ నాడు ఇనుప జాలీ అవతలి నుంచి కొడుకు కట్టడి చేశాడు. "నాయినా, నువ్వు ఊకో. నోరిప్పితివా, నిన్ను గూడ లోపలేస్తరు. మహాదేవికి దిక్కెవరు?" మహాదేవి అతని భార్య. 

సంగమేశ్ తరఫున కేసు పట్టిన వకీలు ప్రేమలమ్మ బీదరు నుంచి చింతకికి వచ్చింది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఇల్లాలు, మాట మెత్తన, పట్టు గట్టిది.

"గాలయ్య మామా, తోటా తూర్పుకే ఎందుకు పెట్టిండ్రు?"

"ఏదో ఒక దిక్కు పెట్టాలె గదమ్మా."

"నువ్వు జవాబు చెప్తలేవు, నన్ను సాగనంపుతున్నవు."

చాయ్ తెచ్చిన మహాదేవి అందుకుంది. "మా మామ ఊళ్లె అన్ని బాయిల లోతు చెప్తడు వకీలమ్మా. ఆయన కడుపు లోతే ఎవ్వరికి తెల్వది."

"అయితే బాయినే అడుగుత" అంటూ ప్రేమలమ్మ లేచింది.

కొంగు నడుముకు చుట్టి, ఆ చీలిన బావి మెట్ల మీదుగా దిగింది. సగం దిగి ఆగింది. పడమటి గోడలో జానెడు గూడు, అందులో పసుపు పూసిన రాయి, కుంకుమ, రెండు మట్టిగాజులు. ప్రేమలమ్మ దేనినీ ముట్టలేదు. చెప్పులు విడిచి మూడు మెట్లు పైన పెట్టి వచ్చి, మళ్లీ నిలబడి చూసింది. గట్టు మీది గాలయ్యకు ఆ చెప్పులు కనిపించాయి. అతడు గట్టు అంచుకు వచ్చి వంగి చెప్పాడు.

"మొదటి ఊట కనపడ్డ దిక్కున గంగమ్మకు గూడు తొలుస్తం బిడ్డా. ఆ గూడు మా తాత తొలిచింది. నా కొడుకు పడమరనే పెడుతనన్నడు, నేనే వద్దన్న. తల్లి మెడ కాడ తోటా పెట్టనిస్తనా? తూర్పుకు తొలువుమని చెప్పింది నేను."

"ఈ మాట కోర్టుల చెప్తవా? చెప్తె నీ మెడకు గూడ రావచ్చు మామా. అబద్ధమాడి నిన్ను తీస్కపోను."

గాలయ్య గూటిలోని గంగమ్మకు మొక్కాడు. "చెప్త" అన్నాడు.

వాయిదా నాడు బోనెక్కిన వృద్ధుణ్ణి న్యాయమూర్తి ముందుగానే హెచ్చరించారు. "నీ మాట నీకే ఎదురు తిరగవచ్చు. చెప్పను అనే హక్కు నీకుంది." కన్నడంలో అన్న ఆ మాటను గుమాస్తా తెలుగులో చెప్పాడు. తన మీద నేరం మోపగల పెద్దమనిషే తనకు తప్పుకొనే దారి కూడా చూపడం గాలయ్యకు వింతగా తోచింది. చేతులు జోడించి ఉన్నదంతా చెప్పాడు.

సర్కారు వకీలు లేచాడు. "తూర్పున పైపు ఉన్నట్టు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ పెట్టించావా?"

"ఆరు మూరల దూరముంది, ఆగుతదనుకున్న. కొలువలేదు. అది తప్పే."

"ధర్నాలో నీ కొడుకు బెదిరించలేదా?"

"నోటి దురుసు సారూ. వాళ్లమ్మ పోలిక."

హాలు నవ్వింది. న్యాయమూర్తి తల వంచి కాగితం చూసుకున్నారు, పిమ్మట అడిగారు. "డప్పు కొట్టి జనాన్ని భయపెట్టావు కదా?"

"భయపడితెనే దూరం పోతరు దొరా. పేలకముందు రెండుసార్లు కొట్టిన. పేలినంక మూడోసారి కొట్టిన, అయిపోయింది రండ్రి అని. అందరు మర్లొచ్చిండ్రు. పడ్డ ముసలమ్మను నా కొడుకే ఎత్తుకొని దవాఖానకు ఉరికిండు."

న్యాయమూర్తి కలం చాలాసేపు ఆగలేదు.

పదిహేను రోజులకు తీర్పు వచ్చింది. గాలయ్యకు అర్థమయ్యేలా గుమాస్తా ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు. జనానికి భయం కలగడం వేరు, భయం కలిగించాలని సంకల్పించడం వేరు. చట్టం చేతిలోని తోటాను మాత్రమే చూడమనలేదు, మనసులోని ఉద్దేశాన్ని కూడా రుజువు చేయమంది. శిక్ష ఎంత బరువైతే నిర్వచనాన్ని అంత బిగించి చదవాలి, లేకుంటే ప్రతి పేలుడూ ఉగ్రవాదమే అవుతుంది. కోపంలో అన్న మాట పన్నాగానికి ఆనవాలు కావచ్చు, కానీ తూర్పు గోడను ఎంచింది ఆ కోపం కాదు, ఒక ముసలివాని భక్తి. జనాన్ని భీతిల్లజేయదలచినవాడు మూడోసారి డప్పు కొట్టించడు.

న్యాయమూర్తి అంతటితో ఆగలేదు. లైసెన్సు లేని తోటాలు నేరమే, కొలత లేకుండా పేల్చడం నేరమే. వాటికి సంగమేశ్‌ను దోషిగా నిలిపి, గడిచిన జైలు కాలాన్నే శిక్షగా లెక్కించారు. గాలయ్య మాత్రం ఇక మీదట లైసెన్సు ఉన్నవారి చేతనే తోటా పెట్టిస్తానని రాసి ఇవ్వాలన్నారు. గాలయ్య వేలిముద్ర వేశాడు. దయకు దయ, దండనకు దండన, రెండూ ఒకే కలం నుంచి తూచినట్టు రావడం అతడు అంతకు మునుపు పురాణంలోనే విన్నాడు.

జైలు వాకిట సంగమేశ్ తండ్రి కాళ్లకు వంగి, లేచి కసిరాడు. "ఊకొమ్మంటె ఊకోవైతివి. నిన్ను గూడ పట్టుకపోతె?"

గాలయ్య దూరంగా మహాదేవితో మాట్లాడుతున్న ప్రేమలమ్మను చూపించాడు. "ఆమె చెప్పులిడిచి బాయిలకు దిగింది కొడుకా. నేను బోనెక్కకుంటె ఎట్ల?"

మరునాడు తండ్రీకొడుకులు ఖండప్ప బావికి వెళ్లారు. చీలిన తూర్పు గోడకు సున్నం, రాయి పెట్టి కట్టారు. గూటిలోని గంగమ్మకు కొత్త గాజులు పెట్టారు.

ఈ కథ చదివినవారికీ, విన్నవారికీ ఇంటి బావిలో ఊట తగ్గకుండు గాక. తీర్పరులై కూర్చుండువారికి ఎదుటివాని తలపు తెలియు గాక. నడుములోతు నీట నిలిచిన స్వామి అందరికీ అభయమిచ్చు గాక.