రెండు ముక్కలైన పురుగు

"తేలిందా అమ్మాయ్?" తలుపు దగ్గర నుంచే అరిచారు బావగారు.

ఊరికి నీళ్లు వదిలే ఇంజనీరు ఆయన. ఆ నీళ్లను పరీక్షించేది ఆమె. ఆస్పత్రికి వెళ్లే నీళ్లలో పురుగులు కనిపించాయని పొద్దున్నే వాల్వు మూయించింది. ఆస్పత్రి వాళ్లు ట్యాంకు కడిగి ఖాళీగా పెట్టారు. డయాలిసిస్ ఆగిపోయింది. అక్కడ వరసలో కూర్చున్నవాళ్లలో మామగారు ఒకరు.

"మురుగులో పెరిగేదైతే డ్రైనేజీ కలిసినట్టే బావగారూ. కాకపోతే..."

"పురుగుకి జాతకం రాస్తున్నావా? నాన్నకి ఆయాసం ఎక్కువవుతోంది!"

"పట్టిన పురుగుల సీసాలో స్పిరిట్ పోసింది మీరేగా! చచ్చాక అన్నీ ఒక్కలాగే ముడుచుకున్నాయి. కదలిక చూడాలంటే బతికున్నది కావాలి."

"పాడైపోతాయేమోనని..." నసిగారాయన.

నీళ్లు వడకట్టిన వలగుడ్డ మడతలో ప్రాణంతో ఒక్కటే మిగిలింది, ఎర్రటి దారప్పోగులా. పట్టకారుతో ఎత్తబోయింది. పురుగు పుటుక్కున తెగింది.

"అయిపోయింది! ఉన్నదీ ఊడింది!" బావగారు తల పట్టుకున్నారు.

గాజు పళ్లెంలో రెండు ముక్కలూ కదిలాయి. ఆమె తన తల వెంట్రుక ఒకటి పీకి, తోక కొసను తాకించింది. మురుగు పురుగైతే స్ప్రింగులా చుట్టుకుపోవాలి. ఇది మరమేకులా గిరగిరా తిరుగుతూ ఈదింది.

"మురుగుది కాదు!"

"బతికించావు తల్లీ! వాల్వు తిప్పమంటాను." ఆయన ఫోన్ తీశారు.

ఆమె కళ్లు మాత్రం పళ్లెం మీదే ఉన్నాయి.

"ఆగండి. ఇది గుంటల ఒడ్డున, కుళ్లిన ఆకుల్లో ఉంటుంది. మనది బోరు నీళ్లు. ఆకు పడే చోటే లేదు. మరి ఇదెలా వచ్చింది?"

బావగారి వేలు ఫోన్ మీదే ఆగిపోయింది.

"ఆస్పత్రి వెనక గుంట..." ఆయన గొంతు తగ్గింది. "మన గొట్టం దాని కిందుగానే పోతుంది."

"ఎక్కడో పగిలింది. పంపు ఆగినప్పుడల్లా గుంట నీళ్లు లోపలికి లాగేస్తోంది. అందులో ఎవరేం పారేస్తున్నారో ఎవరికి తెలుసు?"

"ఒక్క పూటకి వదిలితే? వడపోత యంత్రం ఉందిగా అక్కడ? నాన్న, అమ్మాయ్!"

"నాకు మాత్రం పరాయివారా? ఆయన ఒంట్లోకి ఆ నీళ్లు వదలమంటారా?"

బావగారు ఆస్పత్రికి ఫోన్ కలిపారు.

"నీళ్లు రావు. అందర్నీ వేరే ఆస్పత్రులకు మార్చండి. నాన్నని గుమ్మంలోకి తీసుకురండి, కారు తెస్తున్నాను."

అవతల ఎవరో ఫోన్ మామగారికి అందించారు. ఫోన్‌లోంచి ఆయన ఆయాసం గదంతా వినిపించింది. ఆమె కారు తాళాలు లాక్కుని పరుగెత్తింది.