రేకు గూడు, చెక్క తలుపు

నా భార్య పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని రెండు బాతులను తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ నిశ్శబ్దమే మేలనిపిస్తోంది. ఆడబాతు పేరు దొరసాని. మగబాతు పేరు మేస్త్రీ. పని చేయడు, పెరడంతా తిరుగుతూ అజమాయిషీ చేస్తాడు.

గోడకు అవతల నా బావమరిది ఉంటాడు. వడ్రంగి. వాళ్ళ అక్క పోయిన రోజున నలుగురి ముందు, "నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు. అప్పటినుంచి మాటల్లేవు. క్షమించే ఉద్దేశం నాకు లేదు. కానీ నోరు ఊరుకోదు కదా. ఏమనాలన్నా బాతులకు చెబుతున్నట్టు చెప్పుకుంటాం.

నేను రేకు పెట్టెలు చేసేవాణ్ణి. అందుకని గోడవారన రేకులతోనే గూడు కట్టాను. అతుకు కనబడదు, చినుకు దూరదు. దొరసాని అందులోనే గుడ్లు పొదగడానికి కూర్చుంది. గుడ్లు పిల్లలయ్యే వేళ దగ్గరపడేసరికి ఎండలు ముదిరాయి. రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. లోపల దొరసాని రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని, నోరు తెరిచి రొప్పుతోంది. లేచిపోతే గుడ్లు దక్కవు, కూర్చుంటే తనే దక్కేలా లేదు.

బాతు తల మునిగేంత లోతైన బేసిన్‌లో నీళ్ళు పెట్టాను. మేస్త్రీ వచ్చి అందులో కూర్చున్నాడు. గోనెపట్టా తడిపి రేకు మీద పరిచాను. మళ్ళీ బకెట్ నింపుకొచ్చేలోగా ఎండిపోయింది.

గోడ మీద బావమరిది తల లేచింది.

"ఏమ్మా దొరసానీ, మీ ఇంటాయన నిన్ను పొయ్యిలో పెట్టాడేంటి? మంటొక్కటే తక్కువ."

"ఒరేయ్ మేస్త్రీ," అన్నాను, "తొంగిచూసేవాళ్ళకి పనీపాటా ఉండదని చెప్పరా."

"పెట్టెలు చేసే చేత్తో ఇల్లు కడితే ఇంతేనమ్మా. గాలాడొద్దూ?"

అది నిజమే. అందుకే ఒళ్ళు మండింది. రేకు కోద్దామని కత్తెర తీశాను. మొదటి చప్పుడుకే దొరసాని బెదిరి సగం లేచింది. ఆపేశాను.

అవతల తల మాయమైంది. కాసేపటికి గోడ మీదుగా పాత తలుపు రెక్క ఒకటి ఇటు జరిగింది.

"దొరసానీ, మీ ఇంటాయనకి చేతులు పడిపోకపోతే ఆ కొస పట్టుకోమను. రేకుకి తగలకూడదు. మధ్యలోంచి గాలి పోవాలి."

అతని చెక్క, నా రేకు మీద. వద్దనడానికి నోరు తెరిచాను. లోపల దొరసాని నాకంటే పెద్దగా తెరిచి ఉంది. పట్టుకున్నాను.

ఒక కొస గోడ మీద, ఒక కొస నా పాత రేకు డ్రమ్ముల మీద తలుపు నిలిచింది. గూడంతా నీడ పడింది. తడిపిన గోనె తడిగానే ఉంది. పొద్దువాలేసరికి దొరసాని నోరు మూసింది.

గుడ్లన్నీ పిల్లలయ్యాయి. కాళ్ళు నిలిచీ నిలవగానే అవి చేసిన మొదటి పని, గోడ కింది తూములోంచి అవతలికి దూరిపోవడం. అక్కడ చెక్కపొట్టులో ఒకటే గోల.

మాకు పిల్లలు లేరు. బావమరిదిని మామయ్యా అని పిలిచేవాళ్ళు ఈ ఇంట్లో ఎప్పుడూ లేరు.

గోడ దగ్గర నిలబడి కేకేశాను. "ఒరేయ్ పిల్లలూ, పొట్టు తింటే కడుపు ఉబ్బుతుంది, ఇటు రండి. వస్తూ మీ మామయ్యకి చెప్పండి, తలుపు తిరిగివ్వనని."

అవతల రంపం ఆగింది.

"మీ నాన్నకి చెప్పండర్రా," అన్నాడు, "మామయ్య ఇంటికొచ్చిన పిల్లలు తినకుండా వెళ్ళరని."

నేనింకా క్షమించలేదు. పిల్లలది వాళ్ళిష్టం.